నీడపట్నంలో రాగిజావ

సువర్చల తనను తాను రాగిజావ తాగుతుండగా చూడడం అదే మొదటిసారి.

తెర మీద చిటికెనవేలంత సువర్చల ఐదుంపావుకి లేచింది. జుట్టు ముడివేసుకుని, పొయ్యి వెలిగించి, ఉండ కట్టకుండా జావ కాచింది. మొగుడికో గ్లాసు ఇచ్చి, తనో గ్లాసు పట్టుకుని కిటికీ పక్కన నిలబడి ప్రశాంతంగా తాగింది. తర్వాత బీచ్ రోడ్డు మీద నలభై నిమిషాలు నడిచొచ్చి, పుస్తకం తెరిచి కూర్చుంది.

"ఈవిడెవరో చాలా పద్ధతిగా ఉంది. ఎక్కడుంటారో చెబితే పరిచయం చేసుకుంటాను," అంది సువర్చల.

"నువ్వే కదా అక్కా," అని నవ్వింది హైమవతి.

హైమవతి ఆమెకు తోటికోడలు. ఎం.వి.పి. కాలనీలోని రెండంతస్తుల ఇంట్లో కింద సువర్చల, బ్యాంకు ఉద్యోగి అయిన ఆమె భర్త కామేశ్వరరావు. పైన హైమ. హైమ భర్త మర్చంట్ నేవీలో ఇంజనీరు కావడంతో ఏడాదిలో ఏడు నెలలు నీళ్ళ మీదే ఉంటాడు. ఆ ఏడు నెలలూ హైమకు సంసారం ఈ యంత్రంతోనే. సువర్చల బి.ఎస్సీ.లో వృక్షశాస్త్రం చదివి, ఆ పాండిత్యమంతా పెరట్లో కరివేపాకు చెట్టు మీద ప్రయోగిస్తూ వస్తోంది. ఇంట్లో ఇద్దరు శాస్త్రజ్ఞులున్నారని, ఒకరికే జీతం వస్తోందని కామేశ్వరరావు అంటుంటాడు.

హైమ ప్రయోగశాలలో బల్లంత తెర మీద విశాఖపట్నం పటం పరుచుకుని ఉంది. దాని మీద పదివేల దీపాలు. ఒక్కో దీపం నిజంగా ఊళ్ళో ఉన్న ఒక్కో ఇల్లు. ఆ ఇంటివాళ్ళు ఏం తింటారో, దేనికి డబ్బు తీస్తారో, దేనికి మొహం చిట్లిస్తారో అంతా పోగుచేసి, వాళ్ళకు నీడల్లాంటి మనుషుల్ని యంత్రంలో కాపురం పెట్టించింది హైమ. పేరు నీడపట్నం. ఎవరైనా కొత్తగా ఇంటర్నెట్ కంపెనీ పెడతామని వస్తే దాన్ని ముందు ఇక్కడ వదులుతారు. నీడపట్నంలో ఏడాది గడవడానికి బయట నలభై నిమిషాలు చాలు. కంపెనీని వాడుకుంటున్న ఇంటి దీపం పచ్చబడుతుంది. విసుగొచ్చి మానేసిన ఇంటి దీపం ఆరిపోతుంది. మూడేళ్ళ వ్యాపారం బతికేదీ చచ్చేదీ రెండు గంటల్లో తేలిపోతుంది. ఈలోగా నిజం రూపాయి ఒక్కటీ మునగదు.

"ఇప్పుడు చూడు," అని హైమ ఒక మీట నొక్కింది.

ఝాన్సీ అనే అమ్మాయి తలపెట్టిన కంపెనీ అది. పేరు 'పొద్దుపొడుపు'. నెలకింతని కడితే తెల్లారేసరికి వేడివేడి రాగిజావ, మొలకలు, కషాయం గుమ్మంలోకి వస్తాయి. మీట నొక్కగానే సీతమ్మధారలో నాలుగు దీపాలు పచ్చబడ్డాయి. తర్వాత వీధికి వీధి. మధురవాడ నుంచి గాజువాక దాకా, వానకి మొలకెత్తిన పొలంలా ఊరు ఊరంతా పచ్చబడింది.

సువర్చలకు నిజంగానే ఒళ్ళు పులకరించింది. ఒక మనిషి, అందులోనూ తను వేసిన పెసరట్టు తిని ఇంతదైన మనిషి, ఒక ఊరిని చేత్తో చేసి బల్ల మీద పెట్టింది.

"ఆరువేల రెండువందల పది ఇళ్ళు," అంది హైమ. గొంతులో సంతోషం కన్నా ఊపిరి పీల్చుకున్న ఊరటే ఎక్కువగా వినిపించింది. "ఇది నిలబడితే చాలక్కా."

ఆ మాటకు వెనకో కథ ఉంది. నీడపట్నం ఇంతకుముందు రెండు కంపెనీలకు పచ్చదీపం చూపింది. ఒకటి ఇంటింటికీ పుస్తకాలు అద్దెకిచ్చేది. రెండోది ఉదయం నడకకు తోడు కుదిర్చేది. నీడపట్నంలో రెండూ మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగాయి. నిజం పట్నంలో మాత్రం ఎనిమిది నెలలు దాటలేదు. పుస్తకాల కంపెనీ పెట్టిన కుర్రాడు ఇప్పుడు ఆ పుస్తకాలే తూకానికి అమ్ముతున్నాడు. నడిపించేవాడికి చేతకాలేదని అందరూ అన్నారు. హైమ మాత్రం యంత్రాన్ని వీలైనన్నిసార్లు విప్పి చూసింది. తప్పు దొరకలేదు. ఈ మూడోదీ మునిగితే ప్రయోగశాల మూసేస్తామని డబ్బు పెట్టినవాళ్ళు చెప్పేశారు.

సువర్చల తన ఇంటి దీపం మీద మళ్ళీ వేలు పెట్టింది. అది కూడా పచ్చగా ఉంది. పక్కగదిలో ఇంకో బొమ్మ కనిపించింది. తెల్లచీర, మడత కుర్చీ, చేతిలో విసనకర్ర.

ఆమె వేలు అక్కడే ఆగిపోయింది.

"అత్తయ్యగారా?"

"నాలుగేళ్ళ కిందటి లెక్క కదా," అంది హైమ, ఎటో చూస్తూ. "పోయినవాళ్ళని తీసేయాలని నియమం నేనే పెట్టాను. ఈవిడ దగ్గరికొచ్చేసరికి వచ్చే వారం చూద్దాంలే అనుకున్నాను. రెండేళ్ళయింది."

ప్రతి బొమ్మ కిందా ఒక గీతలో దాని గొణుగుడు కనిపిస్తుంది. కొత్త వస్తువు ముందు పెడితే ఆ మనిషి ఏమంటారో యంత్రం ఊహించి రాసేది. అత్తగారు మంగతాయారుగారి బొమ్మ కింద ఇలా ఉంది: 'ఆ కుడితి గేదెకి పెట్టండి. నాకు కాఫీ తగలెయ్యండి.'

ఇద్దరూ నవ్వారు. సువర్చల ముందు ఆపేసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది ఆవిడకి.

ఎందుకంటే ఆ ఇంట్లో రాగిజావ కాచింది సరిగ్గా రెండు రోజులు.

నాలుగేళ్ళ కిందట హైమ ప్రయోగశాల నుంచి మెళ్ళో కార్డు వేసుకున్న అమ్మాయి వచ్చింది. ఇంటికి రెండు రోజుల చొప్పున ఓ మూల కూర్చుని, జరిగేదంతా రాసుకోవడం ఆమె పని. మనిషి చెప్పేది నమ్మకూడదు, చేసేది చూడాలన్నది హైమ సిద్ధాంతం. వచ్చే ముందురోజు సువర్చల సోఫా గుడ్డలు మార్చింది. అటక మీంచి బంగారు అంచు కప్పులు ఆరూ దించింది. ఆ పిల్ల రాసేది తోటికోడలు చదువుతుంది. మిగిలిన ఇడ్లీపిండితో మూడో రోజు దిబ్బరొట్టె వేసి, పన్నెండు దాకా సీరియల్ చూస్తానని ఆవిడ కళ్ళబడడం దేనికి? రాగిపిండి డబ్బా తెప్పించింది. బీచ్ రోడ్డుకు నడిచింది. కామేశ్వరరావు పుస్తకం తలకిందులుగా పట్టుకున్నాడు గానీ ఆ పిల్ల గమనించలేదు. అతిథి మర్యాద అంతా అందుకుని, "మీ ఇంట్లో ఎంత క్రమశిక్షణండీ," అని వెళ్ళిపోయింది.

పనిమనిషి ఎదురుగా ఉన్నా, పీఠాధిపతి ఎదురుగా ఉన్నా ఒకేలా మాట్లాడింది మంగతాయారుగారొక్కరే.

*

రెండు రోజుల తర్వాత ఝాన్సీ స్వీట్ల పెట్టెతో ఇంటికి వచ్చింది. వెంట వాళ్ళ నాన్న అప్పలస్వామి. ఆర్టీసీలో ముప్పై రెండేళ్ళు కండక్టరుగా చేసి ఈమధ్యే దిగిపోయిన మనిషి. ఝాన్సీ పరీక్ష రాసి తెచ్చుకున్న సర్కారు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది. ఆయన తనకొచ్చిన గ్రాట్యుటీ, పీఎఫ్ కలిపి పద్దెనిమిది లక్షలు కూతురి చేతిలో పెట్టడానికి ఒప్పుకున్నాడు. శుక్రవారం సంతకాలు.

హైమ ఇంకా రాలేదు. సువర్చల వాళ్ళను కూర్చోబెట్టి, బంగారు అంచు కప్పుల్లో కాఫీ ఇచ్చింది. అప్పలస్వామి కప్పును రెండు చేతులతో పట్టుకున్నాడు, టిక్కెట్ల సంచీలా.

"అమ్మా, ఒకటడుగుతాను, ఏటనుకోకండి," అన్నాడు. "పాసింజరు బస్సెక్కేక టిక్కెట్టు తీస్తాడా తియ్యడా అన్నది మొకం సూసి సెప్పేసీవోణ్ణి. ఈ మిసన్ల మొకాలు నాకు తెలవ్వు. మీరు తాగుతారా ఈ జావ?"

"నాన్నా," అంది ఝాన్సీ. "వాళ్ళిల్లు కూడా అందులో ఉంది. నీకు చూపించారు కదా."

"సూసేన్లే. అందుకే దైర్నం వొచ్చింది. మాలాటోళ్ళు తాగేరంటే నమ్మను గానీ, ఇలాటి పెద్దింటోళ్ళు కూడా రోజూ తాగుతన్నారంటే మరేటి బయం." ఆయన సువర్చల వైపు చూశాడు. "తాగుతారు కదమ్మా?"

సువర్చల నోట్లో లడ్డూ ఉంది. ఉండడం అదృష్టమే. ఆవిడ తల అటూ ఇటూ కాని దిశలో ఊపింది. అది ఔను అనుకుని ఆయన తృప్తిగా కాఫీ తాగేశాడు.

వాళ్ళు వెళ్ళాక ఆవిడ వంటింట్లోకి వెళ్ళి పై అరలోంచి రాగిపిండి డబ్బా దించింది. రెండు గరిటెలు తగ్గి, నాలుగేళ్ళుగా అలాగే ఉంది. అందులో కొత్తగా ఏవో జీవులు కాపురం పెట్టాయి. వాళ్ళయినా తింటున్నారు, అనుకుంది.

తను చెప్పిన చిన్న అబద్ధం. ఎవరికీ హాని లేనిది, చుట్టం వస్తే దుప్పటి మార్చడంలాంటిది. అది యంత్రంలో దూరి, కప్పుని రెండు చేతులతో పట్టుకునే మనిషి ముప్పై రెండేళ్ళ కష్టం మీద కూర్చుంది. చెబితే హైమ ఏడేళ్ళ కష్టం కూలుతుంది. పైగా తోటికోడలు బాగుపడుతుంటే ఓర్వలేక అన్నదని లోకం అంటుంది. లోకం అంటే ముఖ్యంగా ఆడపడుచు.

హైమ సాయంత్రం వచ్చింది. చెప్పులు విడిచి నేరుగా కిందింటి వంటగదిలోకే వచ్చి స్టీలు గ్లాసులో కాఫీ అందుకుంది. "నాకు ఆ కప్పుల్లో ఎప్పుడైనా ఇచ్చావా అక్కా?" అని గొణగడం ఆమెకు అలవాటు. ఆవేళా గొణిగింది.

సువర్చల రాగిపిండి డబ్బా తెచ్చి గట్టు మీద పెట్టి మూత తీసింది.

హైమ లోపలికి చూసింది. ముందు పురుగుల్ని చూసింది, తర్వాత సువర్చలను.

"రెండు రోజులే," అంది సువర్చల. "మీ పిల్ల ఉన్న రెండు రోజులే."

హైమ ఒక గుక్క తాగింది. "నీ ఒక్క ఇంటికి ఏం కాదులే. పదివేలలో ఒకటి. అబద్ధం చెప్పేవాళ్ళకి లెక్కలో చోటు పెట్టాను. బిల్లులు చూసి దిద్దాం."

"బిల్లులో రాగిపిండి కొన్నట్టే ఉంటుంది. పారేసినట్టు ఉండదు."

"అందరూ నీలా ఉంటారా?"

"చుట్టం ఎదురుగా ఉన్నప్పుడు మన ఊళ్ళో ఎవరు మామూలుగా ఉంటారు, చెప్పు. నువ్వు చూడమని పంపిన మనిషి వాళ్ళకు పరిశోధకురాలు కాదే. ఇంటికొచ్చిన పిల్ల. ఆ పిల్ల ముందు మొగుడూ పెళ్ళాం దెబ్బలాడుకోరు. పిల్లలు ఫోను ముట్టుకోరు. పాచన్నం బల్ల మీదికి రాదు." సువర్చల గ్లాసు కడుగుతూ వెనక్కి తిరక్కుండానే అంది. "నువ్వు కట్టింది విశాఖపట్నం కాదు హైమా. చుట్టం ఎప్పటికీ వెళ్ళిపోని ఊరు."

హైమ డబ్బా మూత పెట్టింది. "నా మీద కోపమైతే ఇంకేదైనా అను," అంది చివరికి, చిన్నగా.

"కోపమొస్తే నీ కరివేపాకు బంద్ చేస్తాను. ఇంత దూరం ఎందుకొస్తాను? రేపు పొద్దున్న ఆరింటికి దిగు. ఒకావిణ్ణి చూపిస్తాను. ఆవిడ ముందు ఈ వీధిలో ఎవరూ దుప్పటి మార్చరు."

*

పైడమ్మ పదేళ్ళుగా ఆ వీధిలో చెత్తబండి తోస్తోంది. తడిచెత్త ఒక డ్రమ్ములో, పొడిచెత్త ఒక డ్రమ్ములో. ఆరుంబావుకి గేటు ముందు బండి ఆగగానే సువర్చల టీ గ్లాసు అందించి, "పైడమ్మా, మన వీధిలో రాగిజావ ఎవరు తాగుతారే?" అని అడిగింది.

పైడమ్మ ఆలోచించలేదు. "సివరింటి మేస్టారు. ఆయనకి సుగరు. ఆయనా ఆదివారం మానెత్తారు."

"మిగతావాళ్ళు?"

"ఓలమ్మ, ఎవులు తాగుతారు? ఈ మేడలో వోరానికి నాలుగు నూడిల్సు సంచీలు. ఆ డాకటరమ్మగోరింట్లో బిరియానీ డబ్బాలు, అడుగున దాసి పైన తోటకూర కాడలేత్తారు, నానేటి సూడననుకుంటారు. ఆ పచ్చగేటోళ్ళు మొలకలు కట్టుకుంటారు, మూడోనాడు బూజు పట్టినయి నాకే ఏత్తారు." టీ ఊదుకుంటూ పైమేడ వైపు చూపించింది. "ఈ సిన్నమ్మగోరు బిస్కట్లు తినే బతికేత్తన్నారు. వొండుకున్న దాకలాలే లేవు."

చిన్నమ్మగారు పక్కనే నిలబడి ఉంది. సువర్చల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

హైమకు కోపం రాలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసింది. "పైడమ్మా, ఈ ఇరవై రెండు ఇళ్ళూ నాకు ఒక్కొక్కటీ చెబుతావా? ఎంతసేపైనా సరే. మీ మేస్త్రీకి నేను చెప్పుకుంటాను."

సువర్చల అప్పుడు ఆ మొహం చూసింది. ఏడేళ్ళుగా కట్టిన కోటకి బీట పడిందని తెలిసిన మనిషి మొహంలో భయం ఉంటుందనుకుంది. ఉంది. కానీ దాని పక్కనే, ఇన్నాళ్ళూ వెతికిన తాళంచెవి చేతికి తగిలిన మెరుపు కూడా ఉంది. చెత్తబండి పక్కన, ఈగల మధ్య నిలబడి, హైమ ప్రతి మాటా రాసుకుంది. అర్థం కానిచోట మళ్ళీ అడిగింది. ప్రతిసారీ 'పైడమ్మా, ఒక్క నిమిషం' అంటూనే అడిగింది. పెళ్ళికి పిల్లను చూసినప్పుడు కూడా సువర్చల ఇంత శ్రద్ధగా చూడలేదు తన తోటికోడల్ని.

*

గురువారం ప్రయోగశాలలో హైమ ఇరవై రెండు ఇళ్ళనూ పైడమ్మ చెప్పినట్టు మార్చింది. చుట్టం ఉన్నప్పుడు ఒకలా, లేనప్పుడు ఇంకోలా. ఆ తేడాని కొలిచి, మిగతా తొమ్మిదివేల చిల్లర ఇళ్ళలోంచీ అంత మేర తీసేయమని యంత్రానికి చెప్పింది. నీడపట్నంలోంచి చుట్టాన్ని పంపించేసినట్టన్నమాట.

"పిచ్చిది కాకపోతే చుట్టాన్ని రైలెక్కించడానికి ఇంతసేపా," అంది సువర్చల, యంత్రం ఆలోచిస్తుంటే.

ఊరు ఒక్కసారి కదిలింది. పదివేల ఇళ్ళలో పుస్తకాలు మూతపడ్డాయి. చీపుళ్ళు తలుపుల వెనక్కి వెళ్ళాయి. మొగుళ్ళు లుంగీల్లోకి మారారు. చిటికెనవేలంత సువర్చల మళ్ళీ దుప్పటి కప్పుకుని ఏడుదాకా పడుకుంది. దాన్ని చూస్తే అసలు సువర్చలకి మొదటిసారి కాస్త అభిమానం కలిగింది.

హైమ పొద్దుపొడుపుని వదిలింది. దీపాలు పచ్చబడ్డాయి. కొత్త మోజు. నీడపట్నంలో రెండో నెల వచ్చేసరికి ఒక్కొక్కటే ఆరిపోవడం మొదలైంది. మూడో ఏడు ముగిసేసరికి మిగిలినవి మూడువందల పన్నెండు.

హైమ అప్పుడు పాత రెండు కంపెనీలనూ వదిలింది. పుస్తకాలది ఏడు నెలల్లో చచ్చింది. నడకది ఎనిమిది నెలల్లో. నిజంగా జరిగిందీ అంతే.

"యంత్రం మంచిదే," అంది హైమ. "నేను దానికి చుట్టరికం నేర్పలేదు."

మారని ఇల్లు ఏదైనా ఉందా అని ఆమె వెతికింది. ఇళ్ళు లేవు గానీ మనుషులు ఐదారు వందల మంది తేలారు. చుట్టం ఉన్నా లేకున్నా ఒకేలా ఉన్నవాళ్ళు. ఎక్కువమంది ముసలమ్మలు. మంగతాయారుగారి బొమ్మ విసనకర్ర కూడా చెయ్యి మార్చలేదు. ఆవిడ కింద కొత్త గొణుగుడు వచ్చింది. అది ఇద్దరూ ఒకేసారి చదివారు.

'జావ పంపేవాళ్ళున్నారు గానీ, గుమ్మంలో చుట్టం నిలబడ్డప్పుడు పాల ప్యాకెట్టు పంపేవాడు లేడు.'

*

శుక్రవారం ఉదయం ప్రయోగశాల గదిలో డబ్బు పెట్టేవాళ్ళు నలుగురు, ఝాన్సీ, అప్పలస్వామి కూర్చున్నారు. కాగితాలు బల్ల మీద ఉన్నాయి. సువర్చల వెనక కుర్చీలో కూర్చుంది. రమ్మని హైమే అడిగింది.

ఏం చెప్పబోతోందో ముందురోజు హైమ చెప్పలేదు. ఎన్నో రకాలుగా చెప్పొచ్చు. యంత్రంలో చిన్న మార్పు వచ్చింది, నెల రోజులు వాయిదా వేద్దాం అనొచ్చు. సర్వేకి వెళ్ళిన పిల్ల మీద తోసేయొచ్చు. ఇంట్లోవాళ్ళే అబద్ధం చెప్పారంటే అందరూ జాలి కూడా పడతారు. సువర్చల ఆ మాటకు సిద్ధపడే వచ్చింది.

హైమ నిలబడింది. "నీడపట్నం లెక్క తప్పు. తప్పు నాది. చూడ్డానికి మనిషిని పంపాను గానీ, మన ఇళ్ళల్లో వచ్చిన మనిషిని ఎలా చూస్తారో ఆలోచించలేదు. నేనూ ఈ ఊళ్ళోనే పుట్టాను, నాకు తెలియాలి. పుస్తకాల కంపెనీ, నడక కంపెనీ మునగడంలో వాటిని పెట్టినవాళ్ళ తప్పు లేదు. వాళ్ళిద్దరికీ నిన్న ఫోన్ చేసి చెప్పాను. ఈ మూడోది కూడా మునుగుతుంది. సంతకం పెట్టకండి."

అప్పలస్వామి కాగితాల మీంచి చెయ్యి తీశాడు.

నలుగురిలో ఒకాయన కళ్ళజోడు తీశాడు. "మేడమ్, అంటే ప్రయోగశాల మూసేయమని మీరే అంటున్నారా?"

"మూసేయాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఈ రోజు మాత్రం ఆయన డబ్బు ఆయన జేబులో ఉండాలి."

ఝాన్సీ తల దించుకుంది. ఉద్యోగం వదిలేసి రెండు నెలలైంది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. అప్పలస్వామి మాత్రం హైమనే చూస్తున్నాడు. చాలాసేపు చూశాక సువర్చల వైపు తిరిగాడు.

"అయితే అమ్మా, మీరు జావ తాగరన్నమాట."

"తాగనండీ," అంది సువర్చల. "మొన్నే చెప్పాల్సింది. నోట్లో లడ్డూ ఉంది."

ఆయన నవ్వలేదు గానీ మీసం కదిలింది. "నా సర్వీసులో టిక్కెట్టు లేకుండా ఎక్కినోళ్ళని సానామందిని సూసేను. పట్టుకోకముందే లేసి నిలబడి, నాకాడ టిక్కెట్టు లేదన్నోళ్ళని ఇద్దర్ని సూసేను. ఈవిడ మూడోది." హైమను చూపిస్తూ అన్నాడు. "పాపా, ఏడవకు. ఈ మేడమ్ ఈసారి బాగుందంటే అప్పుడు పెడతాను, మొత్తం. అందాకా పోస్టాఫీసులో ఉంటాది."

కళ్ళజోడాయన కాగితాలు సంచీలో పెట్టుకున్నాడు. లేచేముందు, "తప్పు ఎక్కడుందో తెలిసిన యంత్రం, తప్పే లేదనే యంత్రం కన్నా నయం. మూడు నెలలు చూద్దాం," అన్నాడు.

తలుపు దాకా వెళ్ళిన ఝాన్సీని సువర్చల పిలిచింది. "అమ్మాయ్, మా అత్తగారు నీకో మాట చెప్పమన్నారు."

"ఎక్కడుంటారండీ ఆవిడ?"

సువర్చల తెర వైపు చూసింది. "ఇక్కడే. లోపల."

*

ఝాన్సీ కొత్త కంపెనీ పేరు 'వచ్చారండీ'. చుట్టాలు రాగానే మీట నొక్కి మనుషులెందరో చెబితే చాలు. ఇరవై నిమిషాల్లో పాలు, పకోడీ, మడత కుర్చీలు, ఉతికిన దుప్పట్లు, కావాలంటే బంగారు అంచు కప్పులు కూడా పెరటి గుమ్మంలోకి వస్తాయి. చప్పుడు చేయకుండా రావడమే అందులో కిటుకు. నీడపట్నంలో పదకొండువందల నలభై ఇళ్ళు నిలిచాయి. అదే పదివేల ఇళ్ళలో, మొదటి ఏడాది ముగిసేసరికి నిజంగా నిలిచినవి పదకొండువందల అరవై రెండు. ఆ ఇరవై రెండూ ఎలా ఎక్కువయ్యాయో అని హైమ నాలుగు రోజులు మథనపడింది. అప్పలస్వామి మాత్రం మీసం దువ్వుకున్నాడు. సామాన్లు తీసుకెళ్ళే బండ్లకి రూట్లు వేసేది ఇప్పుడాయనే.

నీడపట్నాన్ని హైమ మొదటినుంచీ మళ్ళీ కట్టింది. ఈసారి ఎవరింట్లోనూ ఎవరినీ కూర్చోబెట్టలేదు. ప్రతి ఇంటికీ కాగితం ఇచ్చి, మీ గురించి వద్దు, పక్కింటివాళ్ళ గురించి రాయమంది. తమ గురించి రాయించుకోవడానికి ఇంటివాళ్ళు ముందే ఒప్పుకోవాలి, ఒప్పుకుంటేనే పక్కింటి గురించి రాయనిస్తారు. పదివేలలో తొమ్మిదివేల ఎనిమిదివందల ఇళ్ళు ఒప్పుకున్నాయి. పక్కింటి గురించి రాసే అవకాశం ఎవరు వదులుకుంటారు? చాలామంది అదనపు కాగితాలు అడిగారు. రాసినవాటిని సరిచూసే బృందానికి పెద్ద పైడమ్మ. ఆమె మెళ్ళో ఇప్పుడు కార్డు ఉంది. పొద్దున్న పూట బండి మాత్రం వదల్లేదు. బండి వదిలితే కార్డు దేనికి పనికొస్తుందని ఆమె ప్రశ్న. 

కొత్త ఊరు మొదలుపెట్టే రోజు పాతది చెరిపేయాలి. హైమ మీట దగ్గర వేలు పెట్టుకుని కూర్చుంది. "అత్తయ్యగారిని మళ్ళీ రాయించలేం అక్కా. పక్కింటివాళ్ళని అడిగి పోయినవాళ్ళని కట్టలేం."

"నియమం నువ్వే పెట్టావు."

"ఉంచేద్దామా? ఒక్కరే కదా."

సువర్చలకూ ఉంచాలనే ఉంది. తెర మీద మంగతాయారుగారు విసనకర్ర ఊపుకుంటున్నారు. ఆ ఇంటి మొత్తంలో ఒక్క అబద్ధం కూడా ఆడని మనిషి. "ఆవిడే ఉంటే ఏమనేవారు? కాటికెళ్ళినదానికి కూడా కాఫీ లెక్క రాస్తున్నారా అనేవారు," అంది. "నొక్కు."

హైమ నొక్కింది. దీపాలన్నీ ఆరిపోయాయి.

ఎవరి గురించి పక్కవాళ్ళు ఏం రాశారో ఆరు నెలల తర్వాత చూసుకోవచ్చని కొత్త నియమం. కిందింటి పక్కిల్లు అంటే పైఇల్లే. కాబట్టి సువర్చల గురించి హైమ, హైమ గురించి సువర్చల రాశారు. సువర్చల రాసింది చదివి హైమ వారం రోజులు బిస్కట్లు మానేసింది. తన కాగితం వచ్చిన రోజు సువర్చల తలుపు వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని చదివింది.

'ఏడింటికి లేస్తుంది. దిబ్బరొట్టె వారానికి రెండుసార్లు. పన్నెండు దాకా సీరియల్. ఎవరైనా వస్తే వార్తలు. రాగిపిండి డబ్బా పారేయలేదు, పై అరలో గుర్తుగా దాచుకుంది. అబద్ధం ఆడితే ఎక్కువ రోజులు దాచుకోలేదు, తనే తెచ్చి గట్టు మీద పెడుతుంది. కొత్త వస్తువు ఏదైనా ఈ ఇంట్లో నిలబడితే ఊరంతా నిలబడినట్టే.'

చివర, అతిథి మర్యాదలు అన్న గడిలో ఇంకో రెండు వాక్యాలున్నాయి.

'బంగారు అంచు కప్పులు ఆరు. ఊళ్ళో అందరికీ వాటిలోనే ఇస్తుంది. నాకు మాత్రం పెళ్ళయి వచ్చిన మూడోరోజు నుంచీ స్టీలు గ్లాసే.'

పైమెట్ల మీద చెప్పుల చప్పుడైంది. సువర్చల కాగితం మడిచి రాగిపిండి డబ్బా కింద పెట్టి, పాలు పొయ్యి మీద పెట్టింది. చేయి అలవాటుగా స్టీలు గ్లాసు వైపే వెళ్ళింది.